వార్తల్లో పదం: ఎక్స్ఛేంజ్ సర్వర్

కంపెనీ ఉద్యోగుల మెయిళ్లన్నీ చేరే సొంత తపాలా ఆఫీసు లాంటిది ఇది. మైక్రోసాఫ్ట్ 1996లో తెచ్చింది. 2016, 2019 వెర్షన్లకు 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోవడంతో పేరు వార్తల్లోకెక్కింది. సర్వర్లు నడిపే అడ్మిన్లు ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కో, క్లౌడ్‌కో మారడం నేర్చుకోవాలి.

ఈ శిక్షణలో తొలి మెట్టు ఎంఎక్స్ రికార్డు. కవరు మీద 505001 ఉంటే కరీంనగర్‌కు, 504001 ఉంటే ఆదిలాబాద్‌కు సంచి కట్టినట్టే, ఫలానా డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో అది చెబుతుంది. సర్వర్‌లో ఆ పేరుతో మెయిల్‌బాక్సు లేకపోతే? పంపినాయనకు 550 అంకెతో తిరుగుటపా. అప్పుడు కంగారుపడకుండా లాగ్‌లు (సర్వర్ రాసుకునే చిట్టాలు) వరుసగా చదివి, తప్పెక్కడుందో పట్టుకోవాలి. కోడింగే ఐటీ అనుకునేవాళ్లకు ఈ పని కంటికి ఆనదు, మెయిల్ ఆగిన రోజు తప్ప.