రోకలిబండ పెట్టెలో బూజు ఎందుకు పడుతుంది?

కొన్ని దేశాల్లో ఆఫ్రికా రోకలిబండను గాజు పెట్టెలో ముద్దుగా పెంచుకుంటారు. అది 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దాని పెట్టెలో తరచూ తెల్లటి బూజు కనిపిస్తుంది.

ఎందుకు?
రోకలిబండ గాలి పీల్చే రంధ్రాలను గట్టిగా మూసుకోలేదు. అందుకే పొడి గాలిలో దాని ఒంట్లోని నీరు త్వరగా ఆవిరైపోతుంది. దానికి తడిమట్టి, కుళ్లిన ఆకులు, చివికిన కర్ర కావాలి. బూజుకు కావలసినవీ అవే! బూజు సిద్ధబీజాలు గాలిలో ఉంటాయి. తేమ, తిండి దొరకగానే మొలకెత్తుతాయి.

అదుపు చేయడం ఎలా?
బూజు పోవాలని మట్టిని ఎండబెడితే రోకలిబండకే ప్రమాదం. మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. పెట్టెకు సన్నని రంధ్రాలుంటే గాలి ఆడుతుంది. తినగా మిగిలిన దోసకాయ ముక్కలను మర్నాడే తీసేయాలి. స్ప్రింగ్‌టెయిల్ అనే బుల్లి జీవులను వదిలితే అవి బూజును మేస్తాయి. మందులు మాత్రం చల్లకూడదు.

కర్ర మీద కొద్దిపాటి బూజు కనబడితే కంగారు వద్దు. రాలిన ఆకులను మట్టిగా మార్చడంలో బూజుకూ, రోకలిబండకూ వాటా ఉంది. వానాకాలంలో మన పెరట్లో తిరిగే రోకలిబండలు చేసేదీ ఆ పనే. వాటిని తొక్కకండి, చంపకండి.