రంగుల డబ్బా బీరువాలో ఎందుకు?

పుట్టినరోజుకి ఎవరో ఇరవై నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు బహుమతిగా ఇస్తారు. "ఇప్పుడే ఎందుకూ, పాడుచేస్తావ్. పెద్దయ్యాక ఇస్తాలే" అని అమ్మ వాటిని బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. రెండేళ్ల తర్వాత తీసి చూస్తే సగం పెన్నులు ఎండిపోయి ఉంటాయి. ఈలోగా పిల్లాడికి బొమ్మలు వెయ్యాలన్న సరదా కూడా ఎండిపోయి ఉంటుంది.

ఇంకో రకం ఇళ్లుంటాయి. రాత్రి తొమ్మిదింటికి, షాపులు మూసే వేళకి, "అమ్మా, రేపటికి చార్టు తెమ్మన్నారు" అంటూ పిల్లలొస్తారు. నాన్నగారు బండి తీసి బజారంతా తిరిగొస్తారు. పదకొండింటికి పిల్లలు గుర్రుపెడుతుంటే అమ్మ ఆవులిస్తూ జీర్ణవ్యవస్థ బొమ్మకి రంగులు వేస్తూంటుంది. టీచరుగారు మార్కులు వెయ్యాల్సింది అమ్మకే! పోయేది నిద్ర ఒక్కటే అయితే ఫర్వాలేదు. "నేను చేస్తే బాగోదు, అమ్మే చెయ్యాలి" అన్న మాట పిల్లల మనసులో నాటుకుపోతుంది చూడండీ, అసలు నష్టం అది.

ఈ రెంటికీ మందు ఒక్కటే. పిల్లల చేతికందే చోట ఒక పెట్టె. అందులో ఏం తీసుకున్నా, ఎంత వాడినా మనకి ప్రాణం ఉసూరుమనకూడదు. అందుకే దాన్ని ఖరీదైన వస్తువులతో నింపకండి.

కొనాల్సినవి కొన్నే

ఒక డ్రాయింగు పుస్తకం, తెల్లకాగితాల కట్ట, నాలుగైదు చార్టులు, క్రేయాన్లు, రెండు పెన్సిళ్లు, మొన గుండ్రంగా ఉండే చిన్న కత్తెర, ఒక జిగురు సీసా, రెండు సైజుల బ్రష్షులు. పెట్టె మొదలుపెట్టడానికి ఇవి చాలు. మూడు నాలుగేళ్ల పిల్లలకి లావుపాటి క్రేయాన్లయితే పట్టుకోవడం తేలిక.

నీటిరంగులు కొంటే ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు తీసుకోండి. పసుపూ నీలం కలిస్తే ఆకుపచ్చ, ఎరుపూ పసుపూ కలిస్తే నారింజ. ఈ సంగతి మనం చెప్పడం కంటే వాళ్లంతట వాళ్లే కలిపి కనిపెడితే ఆ ఆనందమే వేరు. పల్చటి కాగితం మీద నీటిరంగులు వేస్తే ముడుచుకుపోతుంది. వాటికి మాత్రం మందపాటి డ్రాయింగు కాగితం ఇవ్వండి.

పారేసేవే పనికొస్తాయి

పాత క్యాలెండర్ల వెనకవైపు తెల్లగా, నున్నగా ఉంటుంది. పెళ్లి శుభలేఖల్లో మంచి అట్టా, బంగారు రంగు కాగితమూ దొరుకుతాయి. దర్జీని అడిగితే జాకెట్టు ముక్కలు సంచీడు ఇస్తాడు. చీపురు పుల్లలు, కొబ్బరి చిప్పలు, ఐస్‌క్రీం పుల్లలు, ఊడిన గుండీలు, టూత్‌పేస్టు పెట్టెలు, ఇవన్నీ ముడిసరుకే. వేసవిలో అమ్మమ్మగారి ఊరెళితే తాటాకులు మరిచిపోకండి. తాటాకు బొమ్మలకి చీరలు కట్టి పెళ్లిచేసిన తరం మనది. అది మన పిల్లలకీ నేర్పొచ్చు.

చెత్తతో సైన్సు బొమ్మలు చేయించిన అరవింద్ గుప్తాగారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. అగ్గిపుల్లలూ, సైకిలు ట్యూబు ముక్కలతో ఆయన పిల్లలకి జ్యామితి నేర్పారు. ఖరీదైన కిట్లు కొనలేకపోతున్నామని బాధపడే తల్లులకి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి?

వంటింట్లోంచి

జిగురు అయిపోయిందా? రెండు చెంచాల మైదాని గ్లాసుడు నీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి, సన్న సెగ మీద చిక్కబడేదాకా తిప్పండి. ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు నాలుగు రోజులు వాడుకోవచ్చు. పురుగు పట్టకుండా కొందరు ఇందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం. పిల్లలు వాడే జిగురులో వెయ్యకండి.

ఆటమట్టికి రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, సుమారు కప్పు నీళ్లు, చెంచా నూనె కలిపి చపాతీ పిండిలా తడపండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచండి. ఇందులో ఉప్పెక్కువ కాబట్టి అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇవ్వొద్దు.

రంగుకి పసుపు, బీట్‌రూట్ రసం ఉండనే ఉన్నాయి. పసుపులో సున్నం కలిపి పారాణి ఎరుపు చేసి చూపించాలనుకుంటే ఆ పని మీ చేత్తోనే చెయ్యండి. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

వీటితో జాగ్రత్త

బ్లేడ్లు, గుండుసూదులు, వేడిచేసి వాడే జిగురు గన్ను పెద్దవాళ్ల అరలోనే ఉండాలి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పూసలు, గుండీలు పై అరలో పెట్టండి. గొంతులో అడ్డుపడతాయి. గేటుకి వేయగా మిగిలిన ఎనామెల్ రంగులు ఇవ్వొద్దు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అటక మీది పాత డబ్బాని నమ్మలేం. 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకి 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. ఆటమట్టి, బొమ్మల కిట్లు కొనేటప్పుడు ఆ గుర్తు చూసి తీసుకోండి.

మరి ఇల్లు పాడవదా?

పాడవుతుంది. అందుకే ముందే ఒక చోటు చూపించండి. పాత దుప్పటి పరిచి, నాన్న పాత చొక్కా తొడిగి కూర్చోబెడితే సగం గొడవ తగ్గుతుంది. గోడమీద క్రేయాను గీతలుంటే తడిబట్ట మీద వంటసోడా అద్ది మెల్లగా రుద్దండి, చాలావరకు పోతాయి. సున్నం వేసిన గోడ అయితే మాత్రం రంగు లేచిపోవచ్చు, ఓ మూల రుద్ది చూసుకోండి. నీటిరంగులు, జిగురు బట్టల మీద పడితే ఆరకముందే చన్నీళ్లతో కడిగేయండి.

ఆట అయ్యాక మూతలు పెట్టడం, బ్రష్షులు కడిగి వెంట్రుకలు పైకి వచ్చేలా నిలబెట్టడం వాళ్ల పని. అమ్మాయికి ఒక పద్ధతి, అబ్బాయికి ఒక పద్ధతి వద్దు. ఇద్దరూ తుడవాల్సిందే. నెలకోసారి పెట్టె తిరగేసి ఎండిపోయినవి తీసేయండి. చార్టులు, జిగురు నిండుకున్నాయేమో చూసి సరుకుల చీటీలో రాసుకోండి. ఉప్పూ పప్పూ రాసుకోమూ? అలాగే ఇదీనూ. రాత్రి తొమ్మిదింటి పరుగు తప్పుతుంది.

చివరగా ఒక్కమాట. పిల్లలు బొమ్మ తెచ్చి చూపిస్తే "ఇదేంటి, ఏనుగులా లేదే!" అనకండి. "దీని సంగతేంటో చెప్పు" అనండి. ఆ ఏనుగు ఎక్కడికెళుతోందో, దానిమీద ఎవరెక్కారో, తొండం ఎందుకంత పొట్టిగా ఉందో పావుగంట చెబుతారు. ఫోను చేతికిస్తే పిల్లలు ఊరుకుంటారు, నిజమే. రంగులు చేతికిస్తే మనతో మాట్లాడతారు.