పళ్లెం పెద్దదైతే ఆకలీ పెద్దదౌతుందా?

నిన్న రాత్రి మీరు ఎంత అన్నం తిన్నారు? "కడుపు నిండా" అంటారు. సరే, కడుపు నిండిందని మీకు చెప్పిందెవరు? కడుపేనా, లేక పళ్లెం ఖాళీ అయిందని కళ్లు చెప్పాయా?

వేళాకోళం కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్య బార్బరా రోల్స్ బృందం ఇదే ప్రశ్న వేసుకుంది. 51 మందికి వేర్వేరు రోజుల్లో ఒకే వంటకం, ఛీజ్ కలిపిన మాకరోనీ, పెట్టారు. ఒకరోజు 500 గ్రాములు, మరోరోజు 625, ఇంకోరోజు 750, ఇంకోరోజు ఏకంగా కిలో. చాలనిపించగానే ఆపేయవచ్చు. 2002లో వెలువడిన ఫలితం చూడండి: కిలో పెట్టిన రోజున, అరకిలో పెట్టిన రోజుకంటే 30 శాతం ఎక్కువ తిన్నారు! పైగా ఆకలి తీరడంలో తేడా ఉందని వారికి అనిపించలేదు. పరిమాణం మారుతోందని గమనించినవారు సగం మంది కూడా లేరు.

మరుసటి పూట తగ్గించుకుని ఉంటారులే అంటారా? ఆ బృందం అదీ పరీక్షించింది. 11 రోజులపాటు ప్రతిపూటా ఒకటిన్నర రెట్లు వడ్డిస్తే, రోజుకు సగటున 400 కిలోకాలరీలకు పైగా అదనంగా తిన్నారు.

అయితే ఇదే కిటుకును తిప్పి వాడితే? ఎవరినీ తిట్టకుండా, ఏదీ నిషేధించకుండా, వస్తువుల అమరిక మాత్రం మార్చి మనిషిని మంచివైపు మళ్లించడాన్ని "నడ్జ్" అంటారు. తరగతిలో పక్కవాడు మోచేత్తో మెల్లగా పొడుస్తాడే, అదన్నమాట. ఈ ఆలోచనకు ప్రచారం తెచ్చినవారిలో ఒకరైన రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఒక ఫలహారశాలలో కొన్ని పదార్థాలను సుమారు 10 అంగుళాలు దూరం జరిపారు. కొన్నిటికి చెంచా తీసేసి పట్టకారు పెట్టారు. అంతే, వాటి వాడకం 8 నుంచి 16 శాతం తగ్గింది.

ఇక చిన్న పళ్లెం సంగతి. వృత్తలేఖిని తీసుకోండి. 2 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో రెండు వృత్తాలు గీయండి. ఒకదాని చుట్టూ 2.5 సెంటీమీటర్లతో, రెండోదాని చుట్టూ 5 సెంటీమీటర్లతో మరో వృత్తం గీయండి. లోపలివి సమానమేనని తెలిసినా మొదటిదే పెద్దదిగా తోస్తుంది. డెల్‌బోఫ్ అనే బెల్జియం శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దంలోనే వర్ణించిన దృష్టిభ్రమ ఇది. కనుక చిన్న పళ్లెంలో కొంచెం అన్నమూ ఎక్కువగా కనిపించాలి, తక్కువ తినాలి. తర్కం బాగానే ఉంది. కాని ప్రయోగాల్లో కొన్నిసార్లు తేడా కనిపించింది, కొన్నిసార్లు లేదు. పెద్ద గిన్నెల మీద పేరుపొందిన ఒక పరిశోధనను 2018లో పత్రికే ఉపసంహరించింది. దాని రచయిత బ్రయాన్ వాన్సింక్ లెక్కలు నమ్మదగినవని తేలలేదు. వినసొంపుగా ఉన్నంత మాత్రాన నిజమైపోదుగా!

ఎదిగే వయసులో మీరు భోజనం మాని బరువు తగ్గాలని చూడకండి. అది డాక్టరును అడగవలసిన విషయం. ఈ ప్రయోగం మాత్రం చేయవచ్చు. చిరుతిళ్ల డబ్బా ఒక వారం ఎదురుగా, ఒక వారం అటక మీద ఉంచండి. రోజూ ఎన్ని తగ్గాయో రాయాలి. లెక్క మీరు కాక మీ చెల్లాయి రాస్తే మేలు, అదీ మిగతావారికి తెలియకుండా. ఎవరో లెక్కపెడుతున్నారంటే చాలు, చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది!