తెలుగు క్రైస్తవుల ఆరాధనా రీతులు – సామాజిక వర్గములు

క్రైస్తవ శాఖాభేదములకు మతసిద్ధాంతములకన్న వర్గ, జాతి, ప్రాంత భేదములే బలవత్తరములగు కారణములని అమెరికా దేశీయుడగు హెచ్. రిచర్డ్ నీబూర్ 1929లో ప్రతిపాదించెను. ఈ మార్గము ననుసరించువారు సామాన్యముగా నిట్లు చెప్పుదురు: సంపన్నుల ఆరాధన గ్రంథబద్ధము, మితభావోద్వేగము, పేదల ఆరాధన ఆశుప్రార్థనలతో, చప్పట్లతో, కన్నీటితో కూడినది. ఈ సూత్రమును తెలుగుదేశమునకు యథాతథముగా అన్వయింపరాదని మా యభిప్రాయము. దాని కడ్డు వచ్చునది కీర్తన.

పురుషోత్తమ చౌధరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబమున జనించి, 1833లో క్రైస్తవమతమును స్వీకరించెను. ఆతని రచనలు పల్లవి, చరణములు గలిగి, రాగతాళ నిర్దేశముతో నున్నవి. భాష తత్సమ బహుళము. శాఖాభేదము లేక పెక్కు సంఘములు వాడుకొనుచున్న ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటమున వీనికి ప్రముఖ స్థానము కలదు. పుటలను మాత్రమే చూచినవారు ఇది అగ్రవర్ణ పండితుల ఆరాధనయని తలతురు. పాడినవా రెవరో చూచినగాని నిజము తేలదు.

ఒంగోలు ప్రాంతమున 1866లో యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ బాప్తిస్మము పొందెను. 1876–78 నాటి కరవు వెనువెంటనే, 1878 జులై 3వ తేదీన, వెలంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వీరిలో అత్యధికులు గుడిలోనికి, బడిలోనికి గూడ ప్రవేశము లేనివారు. పగలంతయు పరుల పొలములలో పనిచేయు కూలివారికి ఆరాధనావేళ పొద్దు గ్రుంకిన పిమ్మటనే. ఉపదేశి యొక చరణము పాడును, జనులు దానిని తిరిగి పాడుదురు. పుస్తకము అందరి చేతను లేకున్నను కీర్తన నోట నిలిచెను. వీరికి భజనపద్ధతి క్రొత్తదికాదు. పేరయ్య అంతకు పూర్వము రాజయోగ మార్గము ననుసరించినవాడు. మాదిగల నడుమ నట్టి గురుపరంపరల వ్యాప్తిని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. కావున కీర్తన పైనుండి దిగివచ్చిన భిక్షయని చెప్పుట సరికాదు. పాత పాత్రలో వారు క్రొత్త నీరు నింపుకొనిరి. అంతవరకు తమకు దూరముగా నుంచబడిన సంస్కృత పదములను ప్రతిరాత్రియు ఉచ్చరించి తమవిగా చేసికొనిరి. దీనిలోని సామాజిక ప్రాముఖ్యమును మన సాహిత్య చరిత్రకారులు తగినంతగా గుర్తింపలేదని మేము తలంచుచున్నాము.

ఆంగ్లగీతముల యనువాదములకు ఈ యదృష్టము పట్టలేదు. ఆంగ్ల వరుసలు పదములోని ఊనికపై నడచును. మన పద్యములు, పాటలు మాత్రలపై నడచును. దీర్ఘస్వరము క్రింద లఘువు పడినచో ‘కరుణ’ అను మాట ‘కారుణ’ యగును. చదువనేర్చినవాడు పుస్తకము చూచి అర్థమును సరిదిద్దుకొనగలడు. చెవితో నేర్చువానికి ఆ మాటయే మారిపోవును. అందుచేతనే ఈ యనువాదములు పట్టణ సంఘములందును, మిషను విద్యార్థిగృహములందును స్థిరపడినంతగా పల్లెలందు స్థిరపడలేదు. దీనిని అభిరుచిభేద మనుటకన్న అక్షరాస్యతాభేద మనుట యుక్తము.

ప్రార్థనాపుస్తకము విషయమును నట్టిదే. 1841లో మచిలీపట్టణమున ఆరంభమైన ఆంగ్లికను మిషనుతో వచ్చిన గ్రంథబద్ధారాధన, ఉత్తరప్రత్యుత్తర రూపమున నున్నందున చదువరులకు సులభము. 1912లో దోర్నకల్లు బిషప్పయిన వి. ఎస్. అజరయ్య ఈ చిక్కును గ్రహించి, గ్రామారాధనలో కీర్తనలకు, దేశీయ ఉత్సవములకు తావిచ్చెను. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయమున గుడి స్తంభములును, మసీదు గుమ్మటములును కలిసియున్నవి. నగరములందైన, నొకే దేవాలయమున ఆంగ్లారాధన వేరుగను, తెలుగారాధన వేరుగను జరుగుట నేటికిని కలదు. అచ్చట విభాగరేఖ భాషయే.

రీతి యొక్కటియైనంత మాత్రమున వర్గభేదము నశింపదనుటకు కతోలిక సంఘములు సాక్ష్యము. రెండవ వాటికను మహాసభ 1963లో దేశభాషలకు ద్వారము తెరచువరకు భూస్వామియు, కూలివాడును వినినది ఒకే లాటిను పూజ. అయినను రెడ్డి, కమ్మ కుటుంబములున్న కొన్ని చోట్ల కూర్చుండు స్థలములు మాత్రము వేరు.

దీనికి విరుద్ధముగా, భక్తసింగ్ 1950లో హైదరాబాదున నెలకొల్పిన హెబ్రోను సంఘమున అందరును నేలపైననే కూర్చుందురు. స్త్రీపురుషులు వేరువేరుగా నుందురు. ముందుగా వ్రాయబడిన ప్రార్థన లేదు. ఆరాధన గంటలతరబడి సాగును. పిదప సహపంక్తి భోజనము. ఇది పేదల రీతి యని పై సూత్రము చెప్పవలెను. కాని విద్యావంతులు, ఉద్యోగులు, పలుకులములవారు దీనిలో చేరిరి. కూలివాడు రాగబద్ధ కీర్తనను పాడుచుండ, ఉద్యోగి చాపపై కూర్చుండి ఆశువుగా ప్రార్థించుచున్నాడు. ఆరాధన యెట్టిదని గాక, అది యెవరికి ఏ ద్వారమున – పుస్తకము ద్వారమునా, చెవి ద్వారమునా, స్వయముగా నోరు తెరచు అనుమతి ద్వారమునా – అందినదని ప్రశ్నించినచో వర్గసంబంధము స్పష్టమగును.

పరిశోధక విద్యార్థులకు ఇందు తొందరపడి చేయవలసిన పని యొకటి కలదు. కీర్తనల సామాన్య ప్రతులలో రాగతాళముల పేర్లేగాని స్వరలిపి లేదు. ఒకే కీర్తన ఊరూరను వేరు వరుసలో వినబడును. కీబోర్డు వాద్యములతో క్రొత్త పాటలు వచ్చుచుండ, పాత వరుసలు వృద్ధస్త్రీల కంఠములందే మిగులుచున్నవి. వారిలో అనేకులు అక్షరములు రానివారు. ముద్రిత పాఠమునకును వారు పాడు పాఠమునకును గల భేదములను తప్పులని కొట్టివేయక, పాఠాంతరములుగా గ్రహించి, పాడిన గ్రామము, సంఘము, వృత్తి పేర్కొని ధ్వనిముద్రణము చేయవలెను.