జాడీలో వేసవి

2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలోకి వచ్చారు. ఆ అర్ధరాత్రి నుంచే 21 రోజులు ఎవరూ గడప దాటవద్దన్నారు. తెల్లారితే శార్వరి ఉగాది. అప్పటికే చీకటి పడ్డ వీధుల్లో కిరాణా కొట్ల ముందు జనం మూగారు. బియ్యం, పాలు, కూరగాయలు దొరికినంత పట్టుకుపోయారు. ఉగాది పచ్చడికి మామిడికాయ దొరుకుతుందో లేదో అన్న బెంగ, రేపటి నుంచి ఏం తింటాం అన్న భయం ఒకే సంచీలో ఇంటికి వచ్చాయి.

ఇప్పుడు తిరిగి చూసుకుంటే ఒక సంగతి తెలుస్తుంది. మన వంటింటికీ ఒక ఆర్థిక సంవత్సరం ఉంది. అదీ మార్చి ప్రాంతంలోనే మారుతుంది. సంక్రాంతి ముందు కొత్త ధాన్యం ఇంటికి చేరుతుంది. వెనకే కంది కోత. శివరాత్రి అటూ ఇటూ కొత్త చింతపండు. ఆ తర్వాత గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డుల నిండా ఎర్రటి మిరప. నిరుటి ఆవకాయ జాడీ అడుగంటుతుంది, కొత్త కాయ పిందె కడుతుంది. లాక్‌డౌన్ సరిగ్గా ఈ మలుపులో వచ్చింది. ఏడాదికి సరిపడా సరుకు నింపుకునే అలవాటున్న ఇళ్లలో డబ్బాలు అప్పుడే నిండి ఉన్నాయి, లేదా నిండబోతున్నాయి. పైన ఎర్రటి ఎండ, కింద ఖాళీ డాబా, ఇంటి నిండా మనుషులు. అదే ఆపద ఏ శ్రావణ మాసపు ముసురులోనో వచ్చి ఉంటే మన వంటింటి కథ మరోలా ఉండేది.

ఆ వేసవిలో తెలుగు ఇళ్లను చాలావరకు ఆదుకున్నవి కొత్త వంటకాలు కావు, దాచుకునే విద్య. ఈ విద్యను మనం చాలాకాలంగా చిన్నచూపు చూశాం. వారానికి ఒకసారి సూపర్‌మార్కెట్, గంటలో ఇంటికొచ్చే యాప్, రాత్రి పదింటికి కూడా తెరిచి ఉండే కర్రీ పాయింట్ ఉన్నప్పుడు కందిపప్పుకు ఆముదం పట్టించడం ఎవరికి కావాలి? కానీ ఆ పనుల వెనక ఎంత లెక్క ఉందో చూడండి. పప్పుకు ఆముదం పలచగా రాస్తే గింజ మీద పొర కడుతుంది, పురుగు గుడ్డు పెట్టడానికి చోటు దొరకదు. కొత్త చింతపండును ఈనెలు, గింజలు తీసి, ఎండలో పెట్టి, కాస్త ఉప్పు కలిపి జాడీకి ఎత్తితే ఏడాదంతా పురుగు చేరదు. బియ్యంలో ఎండు వేపాకు వేస్తారు. మిరపకాయలను తొడిమలతో గలగలలాడేదాకా ఎండబెట్టి దాస్తారు, చెమ్మ మిగిలితే బూజు పడుతుందని. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క శత్రువు, ఒక్కొక్క జాగ్రత్త.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇదే విద్యను విత్తనం దాకా తీసుకెళ్లాయి. జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, మళ్లీ విత్తే దాకా కాపాడతారు. చిరుధాన్యాలతో తమ సొంత రేషన్ వ్యవస్థను 1990లలోనే నడిపారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది. కరోనా వచ్చేనాటికి తిండి విషయంలో బయటివాళ్ల మీద ఎంత తక్కువ ఆధారపడాలో తెలిసిన ఆడవాళ్లు మన మధ్యే ఉన్నారన్నమాట.

ఎండ కూడా సరుకే

గుమ్మడి వడియాల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. బూడిద గుమ్మడికాయను చిన్న ముక్కలు కొట్టి, ఉప్పు, పసుపు పట్టించి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా బరువు కింద పెడతారు. నీరంతా ఓడిపోవాలి. మినప్పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం, ఇంగువ చేర్చి, పిండిన ముక్కల్ని కలిపి, పొద్దున్నే డాబా మీద బట్ట పరిచి పెడతారు. మొదటి రోజు సాయంత్రానికి పైపొర ఆరుతుంది. మర్నాడు బట్ట వెనక్కి తిప్పి నీళ్లు చిలకరించి ఊడదీసి, తిరగేసి మళ్లీ ఎండబెట్టాలి. మూడు నాలుగు ఎండలు తగిలితే గాని లోపలి చెమ్మ పోదు. ఒక కాయ, కాస్త మినప్పప్పు. చేతికొచ్చేది నెలల తరబడి నిలిచే కూర. కూరగాయ దొరకని రోజున నాలుగు వడియాలు వేయించి పులుసులో వేస్తే అన్నానికి తోడు దొరికినట్టే. 2020 ఏప్రిల్, మే నెలల్లో ఏళ్ల తరబడి బట్టలు ఆరేయడానికే పనికొచ్చిన అపార్ట్‌మెంట్ డాబాల మీద వడియాలు, చల్ల మిరపకాయలు, సగ్గుబియ్యం అప్పడాలు వరసలు కట్టాయి. కాకులను తోలే పని పిల్లలది.

ఒరుగులు పెట్టే అలవాటు తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో ఉంది. గోరుచిక్కుడు, కాకర, వంకాయ, టమాట, మామిడి ఏది అగ్గువగా వస్తే దాన్ని కోసి ఎండబోస్తారు. ధర పడిపోయిన పంటను పారబోయకుండా వానాకాలం దాకా మోసుకుపోయే పద్ధతి ఇది. రవాణా ఆగి టమాటాలు పొలాల్లోనే మగ్గిపోయిన ఆ వేసవిలో ఈ పద్ధతి ఊరి స్థాయిలో ఉండి ఉంటే రైతుకు ఎంత మిగిలేదో అనిపిస్తుంది.

ఇక ఆవకాయ. కాయ పుల్లగా, పీచుతో, టెంక గట్టిపడి ఉండాలి. ప్రతి ముక్కకూ టెంక పెచ్చు అంటుకుని ఉంటేనే ముక్క మెత్తబడదు. మామూలుగా బజారులో కాయ కొట్టేవాళ్లు క్షణాల్లో కొట్టిచ్చేస్తారు. ఆ ఏడాది చాలా ఇళ్లలో అటక మీది కత్తిపీట కిందికి దిగింది. కోస్తాలో పచ్చి నువ్వుల నూనె, ఆవపిండి ఘాటు. తెలంగాణలో కాచి చల్లార్చిన నూనె, అల్లం వెల్లుల్లి. ఎవరి పద్ధతి వారిదే అయినా సూత్రం ఒకటే. ఉప్పు తగ్గకూడదు, తడి తగలకూడదు, మూడో రోజు తిరగకలిపాక నూనె ముక్కల మీదికి తేలాలి. ఆ నూనె పొరే గాలిని అడ్డుకునే మూత.

వారం సంచీ

రైతుబజార్లు మైదానాల్లోకి, బడి ఆవరణల్లోకి చెదిరాయి. ముగ్గుపిండితో గీసిన గుండ్రాల్లో నిలబడి, పొద్దున్న కొద్ది గంటల్లోనే కొనుక్కుని వచ్చేయాలి. రోజూ తాజాగా కొనే అలవాటు పోయి వారానికి ఒక సంచీ అయ్యింది. అప్పుడు వరస తెలిసినవాళ్లు గట్టెక్కారు. తోటకూర, పాలకూర మొదటి రెండు రోజులు. బెండ, వంకాయ, చిక్కుడు ఆ తర్వాత. దోసకాయ, సొరకాయ వారం చివరికి. కోయని తీపి గుమ్మడి, కంద, చేమ, ఉల్లి ఇంకా చాలా కాలం ఆగుతాయి. ఈ వరస తప్పితే సంచీలో సగం కుళ్లిపోతుంది.

ఏదీ పారేయని చెయ్యి మన పాత వంటలో ఎప్పుడూ ఉంది. బీరపొట్టుతో పచ్చడి, సొర తొక్కుతో పచ్చడి. పుచ్చకాయ తిన్నాక మిగిలిన తెల్లని భాగం పప్పులోకి. పనసపిక్కలు పులుసులోకి. పులిసిన మజ్జిగ మజ్జిగపులుసు అవుతుంది, పులిసిన దోసెల పిండి పునుగులవుతుంది, మిగిలిన అన్నం మర్నాటికి పులిహోరో చద్దన్నమో, మరీ మిగిలితే ఎండబెట్టి అన్నం వడియాలో అవుతుంది. కూరే లేని రోజుకు పచ్చిపులుసు ఉంది. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ, ఉప్పు, కాస్త బెల్లం. మిరపకాయ కాల్చడానికో తాళింపుకో తప్ప పొయ్యితో పనే లేదు. సిలిండర్ ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో అదీ ఒక లెక్కే.

బియ్యప్పిండి, సెనగపప్పు, నువ్వులు, ఉల్లి కలిపి గిన్నె లోపలి గోడకు అద్ది కాల్చే సర్వపిండి, బియ్యపు రవ్వ, పెసరపప్పు, కరివేపాకుతో అయిపోయే ఉప్పుడు పిండి, ఈ రెండూ రేషన్ బియ్యాన్ని రుచిగా మార్చే పాత ఉపాయాలు. వీటిని పేదల తిండి అనడం నాకు నచ్చదు. ఉన్న సరుకుతో ఇంత రుచి తీసిన చెయ్యి పేదది కాదు.

పోషణ మాటకొస్తే, బియ్యంలోని మాంసకృత్తుల్లో లైసిన్ అనే అంశం తక్కువ. పప్పులో అది బాగా ఉంటుంది. పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యం నుంచి అందుతుంది. పప్పన్నం కలిపి తిన్నప్పుడు ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. కందిపొడి అన్నానికీ ఇదే వర్తిస్తుంది. దానికి మునగాకో, పెరట్లో ఎవరూ నాటకుండానే మొలిచే గంగవాయిలి కూరో చేరితే ఖరీదు పెరగకుండానే పళ్లెం నిండుతుంది. అన్నం వార్చి గంజి పారబోయడం, బియ్యాన్ని అదే పనిగా కడగడం బి విటమిన్లను కాలువలో కలపడమే. అత్తెసరు వండుకున్నా, గంజి తాగినా ఆ నష్టం తగ్గుతుంది.

జాడీ లేని గదులు

లాక్‌డౌన్ మొదలైన వెంటనే హైదరాబాద్‌లో చాలా హాస్టళ్లు పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. అమీర్‌పేట చుట్టుపక్కల మెస్సుల్లో తింటూ పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సంచులు సర్దుకుని ఊళ్లకు బయల్దేరితే, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు సరిహద్దులో గంటల తరబడి ఆగిపోయారు. హైదరాబాద్ గదుల్లోనే ఉండిపోయినవాళ్లకు రైస్ కుక్కర్, గుడ్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా దిక్కయ్యాయి. ఫోనులో అమ్మ చెబుతుంటే పప్పుచారు పెట్టడం నేర్చుకున్న కుర్రాళ్లు ఎందరో. ఆ నేర్పును వాళ్లు మరిచిపోకూడదని నా కోరిక.

సముద్రాల అవతల మరో వెలితి. ఏటా వేసవిలో అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల పెట్టెల్లో కందిపొడి, గోంగూర, కొత్త ఆవకాయ ప్రయాణం చేస్తాయి. ఆ మార్చిలోనే అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. డాలస్‌లో, న్యూజెర్సీలో ఇండియన్ స్టోర్ల ముందు సోనామసూరి బస్తాల కోసం బారులు తీరారు. వాట్సాప్ వీడియోలో ఈ పక్క అత్తగారు ఆవపిండి కొలత చెబుతుంటే, ఆ పక్క కోడలు మెక్సికన్ దుకాణంలో దొరికిన పచ్చి మామిడికాయలను కోసింది.

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఎక్కువ భాగం ఇల్లు, డాబా, ఒక్కసారిగా సరుకు కొనగల డబ్బు ఉన్నవాళ్ల మాట. ఏ పూటకు ఆ పూట కొనుక్కునేవాడికి ఏడాది చింతపండు కొనడం అసాధ్యం. అద్దె గదికి ఎండ తగిలే చోటుండదు. మన జాడీల్లోకి చేరిన కారం కూడా ఎవరి చేతుల మీదుగా వచ్చిందో గుర్తుంచుకోవాలి. ములుగు వైపు మిరప తోటల్లో కాయ ఏరడానికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ కూలీలు ఆ ఏప్రిల్‌లో అడవి దారుల్లో కాలినడకన ఇళ్లకు మళ్లారు. ఆ నడకలో ఒక చిన్నపిల్ల ప్రాణం పోయింది. అప్పుడు దేశంలో తిండి లేక కాదు. ఎఫ్‌సీఐ గోదాములు నిండుగానే ఉన్నాయి. అందుకే ఇది మరింత బాధ కలిగిస్తుంది.

సాయం అందలేదని అనను. తెలంగాణ ప్రభుత్వం తెల్లకార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీకి 12 కిలోల బియ్యమో గోధుమ పిండో, 500 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ బియ్యంతో పాటు కిలో కందిపప్పు, 1,000 రూపాయలు ఇచ్చింది. కేంద్రం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో పప్పు ప్రకటించింది, ఉజ్వల గ్యాస్ పథకం ఇళ్లకు మూడు సిలిండర్లు ఉచితమన్నది. ఇవి ఎన్నో పొయ్యిలను ఆరనివ్వలేదు.

నిండిన అటక ఉన్న ఇళ్లలోనూ వంటింటి భారం అందరూ సమంగా మోయలేదు. పనిమనిషి రాదు, బడి లేదు, ఆఫీసు ఇంట్లోనే. మూడు పూటల వంట, మధ్యలో టిఫిను, కాఫీలు, మళ్లీ అంట్లు. వడియాల పిండి తెల్లవారుజామునే రుబ్బాలి, మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి తిరగెయ్యాలి. పొదుపు అని మనం మెచ్చుకునేదాంట్లో ఎక్కువ భాగం ఆడవాళ్ల ఒంటి చాకిరీ. ఆ రోజుల్లో కత్తిపీట పట్టిన మగవాళ్లూ ఉన్నారు. ఆఫీసులు తెరిచాక వాళ్లలో ఎందరు దాన్ని మళ్లీ అటకెక్కించారో ఎవరి ఇంట్లో వాళ్లు చూసుకోవాలి.

మళ్లీ ప్రభుత్వ సాయం మాటకొస్తే, కిలో కందిపప్పు నెల రోజులకు నలుగురికి పంచితే రోజుకు తలా 8 గ్రాములు. ఒక చిన్న చెంచాడు. బియ్యంతో కడుపు నిండుతుంది, వంటిల్లు నిండదు. పప్పు, నూనె, చింతపండు, కారం కావాలి. ఇది కొత్త కోరిక కాదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు. కందిపప్పు, పామాయిల్, గోధుమలు, గోధుమ పిండి, పంచదార, ఉప్పు, కారం, చింతపండు, పసుపు. నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి, పథకం నిలవలేదు. కానీ ఆ జాబితా రాసినవాళ్లకు తెలుగు వంటిల్లు తెలుసు. మంచి పప్పు, పుల్లటి చింతపండు, కల్తీ లేని కారంతో ఆ తొమ్మిదీ మళ్లీ రేషన్ దుకాణంలోకి రావాలి, మరో మహమ్మారి వచ్చాక కాదు, ఇప్పుడే. చెన్నూరులోనో చీరాలలోనో ఇరుకు గదిలో అద్దెకుంటున్న కూలి తల్లికి డాబా ఇవ్వలేకపోవచ్చు, ఆమె పోపుల డబ్బా నింపడం ప్రభుత్వాలకు చేతనైన పనే.