దొంగకు కదలదు... మరి మనకు?

కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి కలమల్ల గుడిలో క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనం ఉండేది. కాదన్నవాడికి మహాపాతకం చుట్టుకుంటుందనే హెచ్చరిక దాని చివర్లో కనిపిస్తుంది. ఆ కాలానికి అదే తాళం!

నేటి కార్లలో ఆ కాపలా పని ఇమ్మొబిలైజర్‌ది. తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే శక్తి అందుకుని తన కోడ్ చెబుతుంది. ఇంజిన్ కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టకపోతే బండి స్టార్ట్ కాదు. జర్మనీ 1998లో కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేసింది.

చిక్కల్లా అది సొంతదారునే దొంగ అనుకున్నప్పుడు. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు, డ్యాష్‌బోర్డులో తాళంచెవి బొమ్మ మిణుకుమంటుంది. పెట్రోలు పంపు విప్పించే ముందు రెండో తాళంచెవితో చూడాలి. స్టార్టయితే లోపం మొదటిదానిదే. ఒకటి పోతే మిగిలినవన్నీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే, పోయినదాని కోడ్ తుడిచేస్తారు. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు రెండు తాళంచెవులూ అడిగి తీసుకోవాల్సింది అందుకే.

చిన్న భాగం పెద్ద చిక్కు తెచ్చేది పాత కార్ల క్రూయిజ్ కంట్రోల్‌లోనూ. దీన్ని కనిపెట్టిన అమెరికా ఇంజినీరు రాల్ఫ్ టీటర్‌కు ఐదేళ్లప్పుడే చూపు పోయింది! 1958లో క్రైస్లర్ కార్లలోకి వచ్చింది. ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే వ్యాక్యూమ్ ఒక రబ్బరు పొరను లాగుతుంది. ఆ పొర కేబుల్‌తో యాక్సిలరేటర్‌ను పట్టి ఉంచుతుంది. కడప ఎండలకు గొట్టం బీటలిస్తే చాలు, వేగం నిలవదు. ఖర్చు గొట్టం వరకే. అసలు భయం వేరే. కేబుల్ బిగుసుకుంటే బ్రేకు తొక్కినా యాక్సిలరేటర్ వదలదు. కొత్త కార్లలో అంతా ఎలక్ట్రానిక్. పాతది నడిపేవాళ్లు మాత్రం బ్రేకు తొక్కగానే వదులుతోందో లేదో ప్రతి సర్వీసింగ్‌లోనూ చూపించుకోవాలి.