డ్యూటీ చార్టులో లేని నిద్ర

నేను ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలంలో ఏఎన్‌ఎంని. కరోనా రోజుల గురించి అడిగేవాళ్లు పీపీఈ కిట్ల సంగతి, చెమట సంగతి చెప్పమంటారు. నన్ను అంతకన్నా ఎక్కువ సతాయించింది నిద్ర.

2021 మే నెల. రాష్ట్రమంతా ఇంటింటి జ్వరం సర్వే. ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లతో కలిసి తిరిగేవాళ్లం. జ్వరమో దగ్గో ఉన్నవాళ్లకు మందుల కిట్టు ఇచ్చేవాళ్లం. గోండు, కొలాం గూడేల్లో మనుషులు దొరకాలంటే వాళ్లు తునికాకుకు పోకముందే చేరాలి. సాయంత్రం ఆ లెక్కలన్నీ ఫోన్లో ఎక్కించాలి. పడుకున్నాక అదే ఫోన్ మోగేది. "అక్కా, ఆక్సిజన్ తొంభై రెండు చూపెడుతుంది. రిమ్స్‌కు తీస్కపోవాల్నా?" వెంటనే తీసుకపొమ్మని చెప్పి పెట్టేసేదాన్ని. ఇక కన్ను మూతపడేది కాదు. మోగని ఫోన్ కూడా మోగినట్టే ఉండేది.

భయం పట్టుకుంటే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. ఒళ్లు ఎంత అలిసినా మెదడు కాపలా దిగదు. 2020 మొదట్లో చైనాలోని 34 ఆసుపత్రుల్లో 1,257 మంది డాక్టర్లను, నర్సులను అడిగితే 34 శాతం మందిలో నిద్రలేమి లక్షణాలు కనిపించాయి. నర్సుల్లో, ఆడవాళ్లలో బాధ ఎక్కువట. ఎందుకుండదు, ఇంటికొచ్చాక పొయ్యి వెలిగించేది ఎవరు?

నాకు తెలిసిన స్టాఫ్ నర్సు ఒకామె రాత్రంతా వార్డులో ఉండి, పగలు రేకుల ఇంట్లో పడుకునేది. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలి. చీకటి పడితే ఊరే మెలటోనిన్ కూడా కావాలి. ఆదిలాబాద్ మే ఎండలో, రేకుల కింద, ఆ రెండూ ఎక్కడివి? కునుకు ఆపుకోవడానికి తెల్లవారుజామున తాగిన చాయ్ ఒకటి. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

17 గంటలు ఏకబిగిన మేల్కొన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరీక్షల్లో తేలింది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03. తాగి బండి నడిపితే పోలీసులు ఆపుతారు. నిద్రలేని నర్సు చేతిలో సిరంజి ఉంటే ఎవరూ ఆపరు.

ధ్యానం చేయండి, గోరువెచ్చని పాలు తాగండి అని వాట్సాప్‌లో సలహాలు చాలా వచ్చాయి. చెడ్డవేమీ కావు. నాకు పనికొచ్చింది మాత్రం వంతుల పద్ధతి. రాత్రి ఫోన్లు ఒకరు ఎత్తాలి, మిగతావాళ్లు ఫోన్ బంద్ చేసి పడుకోవాలి. మాలో మేమే అనుకుని పెట్టుకున్నాం, ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. ఇంకో మహమ్మారి రాకముందే ఇది ఆర్డరుగా రావాలి. నైట్ డ్యూటీ వాళ్లకు దవాఖానలోనే ఒక చల్లని చీకటి గది ఇవ్వాలి.

చదివేవాళ్లకూ ఒక మాట. రాత్రిపూట ఊపిరి ఆడకపోతే ముందు 108కు ఫోన్ చేయండి. మాకు పొద్దున చెప్పినా సరిపోతుంది.